ఆసిడ్ మీద నీళ్ళు

శనివారం బిరాగో ఇంట్లో బట్టల రోజు. పెరట్లో రెండు పెద్ద తొట్లు పెట్టుకుంటుంది. ఒకదాంట్లో సబ్బునీళ్ళు, రెండోదాంట్లో జాడించడానికి మంచినీళ్ళు. ఆ పొద్దున్న మొగుడి చొక్కా పిండి దులిపిందో లేదో పొట్ట దగ్గర నాలుగు చిల్లులు తేలాయి. బ్యాటరీ పనివాళ్ళ బట్టలతో వచ్చే తంటానే ఇది. ఆసిడ్ చుక్క పడ్డప్పుడు గుడ్డకేమీ అయినట్టుండదు, వారం రోజులు దర్జాగా వేసుకు తిరగొచ్చు. నీళ్ళలో పెట్టి పిండామా, పీలికై చేతిలోకి వచ్చేస్తుంది. ఇరవై ఆరేళ్ళ కాపురంలో అలాంటి చొక్కాలు ఎన్నింటికి మాసికలు వేసిందో ఆమెకే గుర్తులేదు.

"ఇదిగో, ఇంకో చొక్కా పోయింది," అంది ముందు వాకిట్లోకి వినపడేలా.

"పెద్దమనుషులొచ్చే రోజు. చిల్లుల్లేనిది ఒకటి తీసిపెట్టు," అన్నాడు మొగుడు అంపోన్సా, స్టూలు మీద కూర్చుని మొక్కజొన్న గంజి జుర్రుకుంటూ.

"చిల్లుల్లేనిది కావాలంటే పక్కింటి టైలర్‌ని అడగాలి. మనింట్లో అలాంటివి ఉండవు."

అంపోన్సా నవ్వాడు. ఆయన నవ్వితే కుడికన్ను ఒక్కటే నవ్వుతుంది. ఎడమకన్ను మీద పన్నెండేళ్ళుగా తెల్లటి పొర కమ్ముకుని ఉంది. కుమాసి నగరంలోని మ్యాగజీన్ పేటలో, అన్ని షెడ్ల మధ్య, ఆయన్ని అందరూ మేస్త్రీ అనే పిలుస్తారు. ఇంటి ముందు వాకిలే ఆయన యార్డు. చచ్చిన కారు బ్యాటరీలు, లారీ బ్యాటరీలు గుట్టలుగా వచ్చి పడతాయి. ఆసిడ్ వంపేసి, మూత ఊడబీకి, లోపలి సీసం పలకల్లో పనికొచ్చేవి ఏరి ఇంకో బ్యాటరీకి ప్రాణం పోస్తారు.

ఆ పనిలో చేరిన ప్రతివాడికీ మొదటిరోజే నేర్పే మాట ఒకటుంది. ఆసిడ్ మీద నీళ్ళు పోయకూడదు. నీళ్ళలో ఆసిడ్ కలపొచ్చు గానీ, ఆసిడ్‌లో నీళ్ళు పోస్తే కుతకుతా ఉడికి మొహాన చిమ్ముతుంది. అందులో అబద్ధమేమీ లేదు. చిక్కల్లా ఏమిటంటే, డబ్బాకి చెప్పిన ఆ మాటను పేటవాళ్ళు ఒంటికి కూడా పట్టించేశారు. చేతిమీద ఆసిడ్ పడితే నీళ్ళు పోయరు, పామాయిల్ రాస్తారు. కంట్లో పడినా పామాయిలే. ఏ బ్యాటరీ యార్డుకి వెళ్ళినా ఎర్రటి నూనె సీసా ఒకటి అందుబాటులో ఉంటుంది. మేస్త్రీలంతా అలాగే నేర్చుకున్నారు, అలాగే నేర్పారు.

బిరాగో ఆ చొక్కాని దండెం మీద ఆరేస్తుండగానే కూతురు పోకువా విసురుగా పెరట్లోకొచ్చింది. ఇరవై నాలుగేళ్ళ పిల్ల. ఆరేళ్ళుగా తండ్రి పక్కనే నిలబడి పని నేర్చింది. బ్యాటరీని ఇలా ఎత్తి అలా ఊపితే చాలు, లోపల ఎన్ని పలకలు బాగున్నాయో చెప్పేస్తుంది.

"అమ్మా, నా డ్రమ్ము ఎవరు వంపారు?"

నిన్న సాయంత్రమే పోకువా ఎక్కడినుంచో నీలం డ్రమ్ము ఒకటి దొర్లించుకొచ్చి, దానికి కొళాయి బిగించి, నిండా నీళ్ళు పట్టి యార్డు మధ్యలో నిలబెట్టింది. ఇప్పుడది గోడవారగా బోర్లా పడుంది.

"నేనే వంపాను," అన్నాడు అంపోన్సా గంజి గిన్నె పట్టుకుని లోపలికొస్తూ. "బ్యాటరీ యార్డులో డ్రమ్ముడు నీళ్ళా? ఎవడైనా చూస్తే మేస్త్రీకి మతి చలించిందనుకుంటాడు."

"డబ్బాలో ఉన్న ఆసిడ్ వేరు, ఒంటిమీద పడ్డది వేరు నాన్నా. గ్లాసుడు పోస్తే ఉడుకుతుందేమో. ధారగా పోస్తూనే ఉంటే కొట్టుకుపోతుంది."

"ముప్పై ఏళ్ళ పనికి నువ్వు పాఠం చెప్తావా?"

"నేను చెప్పట్లేదు. కంటి ఆసుపత్రిలో నర్సు..." అంటూనే పోకువా తల్లి మొహం చూసి ఆగిపోయింది.

బిరాగో తల వంచుకుని ఇంకో చొక్కా తొట్లో ముంచింది. మూడు నెలల కింద అంపోన్సాని కంటి పరీక్షకి తీసుకెళ్ళినప్పుడు, ఆయన అవతల గదిలో ఉండగా, నర్సు వీళ్ళిద్దరికీ ఒక మాట చెప్పింది. ఆసిడ్ పడ్డ వెంటనే నీళ్ళు పోసి, పోస్తూనే ఉండుంటే ఆ కన్ను దక్కేదట. బయటికొచ్చాక బిరాగో కూతురి చేత ఒట్టు వేయించుకుంది. నాన్నకి చెప్పొద్దు, తట్టుకోలేడు అని. ఎందుకంటే పన్నెండేళ్ళ కింద, కంట్లో ఆసిడ్ పడ్డ రోజు, ఆమె బకెట్టు నిండా నీళ్ళు తీసుకుని పరుగెత్తుకొచ్చింది. అంత నొప్పిలోనూ ఆయన "నీళ్ళొద్దు, నూనె" అని అరిచాడు. ఆమె బకెట్టు కింద పెట్టి నూనె తెచ్చింది. నర్సు మాట విన్నప్పటినుంచి అది ఆమె గుండెల్లో ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది.

"నర్సులకి బ్యాటరీల గురించేం తెలుసు," అన్నాడు అంపోన్సా.

"సరే. నాకు తెలుసు కదా. ఆరేళ్ళు నువ్వే నేర్పావు. మరి నేర్చుకున్న నాకు కాకుండా, బ్యాటరీ ముట్టుకోవాలంటేనే వణికే బావకెందుకిస్తున్నావు యార్డు?"

అసలు సంగతి అదీ. వీళ్ళలో మేనమామది మేనల్లుడికే పోతుంది. అంపోన్సాకి కూడా ఈ పని మేనమామ దగ్గర్నుంచే వచ్చింది. ఆ పూట ఆయన అక్క దుఫియే తన కొడుకు జాంఫిని, వంశంలో ఒక పెద్దాయన్ని వెంటబెట్టుకుని వస్తోంది. పోయిన పెద్దల పేరు చెప్పి నేల మీద నాలుగు చుక్కలు సారా ధారపోసి, యార్డు జాంఫి చేతిలో పెడతారు.

"అది మన పద్ధతి," అన్నాడాయన.

"నువ్వు సంపాదించుకున్నది బతికుండగా ఎవరికైనా ఇవ్వచ్చని కూడా మన పద్ధతిలోనే ఉంది. అందరి ముందూ ఇస్తే చాలు."

అంపోన్సా గిన్నె ఠక్కున కింద పెట్టాడు. "ఇవ్వచ్చు. ఇవ్వను. నాకొక కన్ను పోయింది, చాలు. నా కూతురి మొహం కాలితే చూడ్డానికి ఉన్న ఈ ఒక్క కన్ను కూడా నాకొద్దు."

పోకువా మెల్లగా అంది. "అయితే సోమవారం నేను బస్సెక్కుతాను నాన్నా. తేమా ఊళ్ళో బ్యాటరీ పనికి మనుషులు కావాలట. అక్కడ కాలినా నువ్వు చూడక్కర్లేదు."

ఆయన చొక్కా మార్చుకోవడానికి లోపలికి వెళ్ళిపోయాడు. బిరాగో చొక్కా పిండటం ఆపేసింది. మొగుడికి నిజం చెప్తే ఆయన కుంగిపోతాడు. చెప్పకపోతే కూతురు ఇల్లొదిలి పోతుంది. తన నోరు నొక్కుకున్నది తనే. సబ్బునీళ్ళలో చేతులుంచుకుని కళ్ళనీళ్ళు కూడా తుడుచుకోలేక అలాగే కూర్చుంది.

పదిగంటలకి దుఫియే దిగింది. మనిషి వస్తే ముందు గాజులు వినపడతాయి, తరవాత గొంతు, ఆ తరవాతే మనిషి.

"ఏమ్మా బిరాగో, ఆడపడుచు వచ్చే రోజు కూడా బట్టలేనా? ఇంకా ఏ పద్ధతులు నేర్పాలి నీకు?"

"మీ తమ్ముడు చిల్లులు పెట్టడం ఆపితే నేను ఉతకడం ఆపుతాను వదినా. రండి, కూర్చోండి."

జాంఫి వెనకాల నిలబడి బ్యాటరీ గుట్ట వైపు పాముని చూసినట్టు చూస్తున్నాడు. మంచివాడే. ఫోన్లు బాగుచేసుకుంటూ హాయిగా బతుకుతున్నాడు. వాళ్ళమ్మ చెప్పింది కాబట్టి వచ్చాడు.

దుఫియే పోకువా గడ్డం పట్టుకుంది. "ఎందుకే మూతి ముడుచుకుంటావు? మా వాణ్ణి చేసుకో. యార్డూ నీదే, మొగుడూ నీవాడే."

"బావకి వద్దంట అత్తా, నాకూ వద్దు. యార్డు మాత్రం కావాలి."

"నేను వద్దనలేదే," అన్నాడు జాంఫి నసుగుతూ. "అడగలేదు కూడా అనుకో."

పెద్దాయన పకపకా నవ్వాడు. బిరాగో కూడా నవ్వింది. ఆ కాసేపు ఇంట్లో బిగువు సడలింది. తరవాత పెద్దాయన గొంతు సవరించుకుని, ధార పోసే ముందు అబ్బాయి తన చేత్తో ఒక బ్యాటరీ విప్పితే బాగుంటుందన్నాడు. అంపోన్సాకి ఆ మాట నచ్చింది. యార్డులో ఎప్పటినుంచో పనిచేస్తున్న ఇస్సా ఒక లారీ బ్యాటరీ తెచ్చి ముందు పెట్టాడు.

"దాంట్లో ఆసిడ్ ఇంకా వంపలేదు నాన్నా," అంది పోకువా.

"మూత కొంచెం లేపి చూపిస్తే చాలు, వంపేది తరవాత చూద్దాం," అన్నాడు అంపోన్సా. అందరూ చూస్తున్నారు కదా, ఆయనకీ తొందరే.

జాంఫి ఉలి పెట్టి సుత్తితో కొట్టాడు. భయంతో కొట్టే దెబ్బ ఎప్పుడూ అవసరానికి మించే పడుతుంది. మూత పగిలి, ఉలి లోపలికి దిగి, ఆసిడ్ ఎగజిమ్మి నేరుగా అతని మొహాన పడింది. జాంఫి రెండు చేతులతో కళ్ళు మూసుకుని కేక పెట్టి మోకాళ్ళ మీద కూలబడ్డాడు.

"నూనె," అని అరిచాడు అంపోన్సా. "బిరాగో, నూనె తీసుకురా. నీళ్ళు దగ్గరికి రానీకండి."

బిరాగో అప్పటికే లేచింది. ఆమె కాళ్ళు వంటింటి వైపు రెండడుగులు వేశాయి కూడా. ఇరవై ఆరేళ్ళ అలవాటు అది. మూడో అడుగు దగ్గర ఆగింది. వెనక్కి తిరిగి పెరట్లోకి పరుగెత్తి, జాడించే తొట్టి రెండు చెవులూ పట్టుకుని ఎత్తింది. ఇద్దరు మోసే తొట్టి అది. ఎలా ఎత్తిందో ఆమెకే తెలియదు. నీళ్ళు చింది చీలమండల దాకా తడుస్తుండగా యార్డులోకి నడిచింది.

అంపోన్సా చేతులు చాచి అడ్డం నిలబడ్డాడు. "నీళ్ళా? వాణ్ణి చంపుతావా?"

"తప్పుకోండి."

"బిరాగో, ఆసిడ్ మీద నీళ్ళు..."

"పన్నెండేళ్ళ కింద ఇదే మాటన్నారు. నేను విన్నాను. వినబట్టే మీ కన్ను పోయింది. ఆ నర్సు చెప్పింది మాకు, నీళ్ళు పోసుంటే దక్కేదని. ఇవాళ వినను. తప్పుకోండి."

ఆయన తప్పుకోలేదు. ఎక్కడివాడక్కడ బిగుసుకుపోయి నిలబడిపోయాడు. బిరాగో భుజంతో ఆయన్ని పక్కకి నెట్టి వెళ్ళింది.

పోకువా అప్పటికే జాంఫిని వెల్లకిలా పడుకోబెట్టి తల ఒడిలో పెట్టుకుంది. "చేతులు తియ్యి బావా. కళ్ళు తెరువు. నేను తెరుస్తాను, నువ్వు ఊపిరి పీల్చుకో." ఆమె వేళ్ళతో రెప్పలు విడదీసి పట్టుకుంది. బిరాగో చెంబుతో పోయడం మొదలుపెట్టింది. ముక్కు వైపునుంచి చెవి వైపుకి, ఆగకుండా. దుఫియే "నా బిడ్డ, నా బిడ్డ" అంటూ గుండెలు బాదుకుంటూ మీద పడబోయింది. ఇస్సా ఆమెని పట్టుకుని ఆపాడు.

"ఉడకట్లేదే," అన్నాడు పెద్దాయన వంగి చూస్తూ. ఆయన గొంతులో ఆశ్చర్యం. అందరి చూపూ ఆ నీటిధార మీదే ఉంది.

తొట్టి అయిపోవచ్చింది. ఆ పూట కొళాయి రాలేదు, డ్రమ్ములో నీళ్ళు పొద్దున్నే మట్టిపాలయ్యాయి. బిరాగో తలెత్తి చూసింది. అంపోన్సా లేడు. కోపంతో వెళ్ళిపోయాడనుకుంది. మరు నిమిషంలో ఆయన సందులోంచి పరుగెత్తుకొచ్చాడు, భుజాల మీద రెండు మూటల వాటర్ ప్యాకెట్లతో. మూలనున్న కొట్లోవన్నీ ఎత్తుకొచ్చినట్టున్నాడు. మాట్లాడకుండా మోకాళ్ళ మీద కూర్చుని, ఒక ప్యాకెట్ మూల పళ్ళతో కొరికి బిరాగో చేతికిచ్చాడు. ఇంకోటి కొరికి పోకువాకిచ్చాడు.

"ఎంతసేపు పొయ్యాలి?" అన్నాడు. కూతుర్ని అడిగాడు.

"ఆసుపత్రి వచ్చేదాకా."

ట్యాక్సీలో కూడా ఆపలేదు. వెనక సీటంతా చెరువైంది. డ్రైవరు ఒకసారి వెనక్కి చూసి ఏదో అనబోయాడు. అంపోన్సా ఒంటికంటితో చూసిన చూపుకి నోరు మూసుకుని బండి తోలాడు.

కంటి డాక్టరమ్మ గంటసేపటికి బయటికొచ్చింది. రెప్పల మీద, బుగ్గ మీద కాలిందట, వారం పది రోజుల్లో మానుతుందట. రెండు కళ్ళూ బాగున్నాయి. "నీళ్ళు పోసిందెవరు?" అని అడిగింది. దుఫియే ఏడుస్తూనే బిరాగో వైపు, పోకువా వైపు చూపించింది. "మీ వాడికి కళ్ళు మళ్ళీ ఇచ్చింది వీళ్ళే," అంది డాక్టరమ్మ. "నాకు పెద్దగా పని పెట్టలేదు."

దుఫియే వెళ్ళి బిరాగోని వాటేసుకుంది. ఇన్నేళ్ళలో వదినగారు అలా వాటేసుకోవడం అదే మొదటిసారి. గాజులన్నీ వీపున గుచ్చుకున్నా బిరాగో కదల్లేదు.

అంపోన్సా మాత్రం వరండా చివర బల్ల మీద ఒక్కడే కూర్చున్నాడు. బిరాగో వెళ్ళి పక్కన కూర్చుంది.

"మూడు నెలలుగా తెలుసా నీకు?"

"తెలుసు."

"ఎందుకు చెప్పలేదు?"

"మీ కన్ను మీ మాటవల్లే పోయిందని ఏ నోటితో చెప్పను? ఆ బకెట్టు కింద పెట్టింది నేను. తప్పు నాది కూడా."

ఆయన తల అడ్డంగా ఊపాడు. చాలాసేపు అరచేతుల మీది పాత మచ్చలు చూసుకున్నాడు. "నా కన్ను పోతే పోయింది. ఇస్సా చెయ్యి ఆసిడ్‌తో కాలినప్పుడు నూనె రాసింది నేనే. బాగా పట్టాలని రెండుసార్లు రాశాను. చర్మం ఊడొచ్చినా వాడు నాకు దణ్ణం పెట్టాడు, బిరాగో. ఇంకా ఎంతమందికి రాశానో. ముప్పై ఏళ్ళు నేర్పాను." ఆయన భుజాలు కదిలిపోయాయి. ఎవరిముందూ కన్నీరు పెట్టని మనిషి, రెండు కళ్ళతోనూ ఏడ్చాడు. బిరాగో ఆయన తల తన భుజానికి ఆనించుకుంది. ఊరుకోండి అని అనలేదు. ఆయన ఏడవాల్సిన ఏడుపే అది అనుకుంది.

ఆ సోమవారం పోకువా బస్సెక్కలేదు. రెండు వారాల తరవాత మళ్ళీ పెద్దల్ని పిలిచారు. ఈసారి పేటలోని బ్యాటరీ మేస్త్రీలందరినీ కూడా పిలిచాడు అంపోన్సా. యార్డు నిండిపోయింది. ఆయన మధ్యలో నిలబడి, సుత్తీ ఉలీ రెండూ పోకువా చేతిలో పెట్టాడు.

"ఇది నా చేతుల మీద సంపాదించుకున్నది. బతికుండగా నా కూతురికిస్తున్నాను. కాదనేవాళ్ళుంటే ఇప్పుడే చెప్పండి."

అందరూ దుఫియే వైపు తిరిగారు. వంశం తరఫున మాట్లాడాల్సింది ఆమే. ఆమె జాంఫి భుజం మీద చేయి వేసి లేచింది. "పొద్దున లేవగానే నా కొడుకు రెండు కళ్ళతో నన్ను చూస్తున్నాడు. నాకింకేం కావాలి? ఈ పిల్లకి ఇవ్వకపోతే నేనే పోట్లాడతాను."

"నేను ఫోన్ల దగ్గరికి పోవచ్చా మరి?" అన్నాడు జాంఫి. అందరూ గొల్లున నవ్వారు.

నవ్వులు తగ్గాక అంపోన్సా చేయెత్తాడు. "ఇంకో మాట. మీలో సగం మంది నా దగ్గర నేర్చుకున్నవాళ్ళే. ఒంటిమీద ఆసిడ్ పడితే నీళ్ళు పోయొద్దని నేర్పాను. తప్పు నేర్పాను. నన్ను క్షమించండి. పడ్డ క్షణం నుంచే నీళ్ళు పోయండి, పోస్తూనే ఉండండి. నమ్మకం లేకపోతే జాంఫి కళ్ళు చూడండి, తరవాత నా కన్ను చూడండి."

ముప్పై ఏళ్ళ మేస్త్రీ పేటంతటి ముందూ తప్పయిందనడం వాళ్ళెవరూ ఎరగరు. ముందుగా ఇస్సా వచ్చాడు. మచ్చలున్న చేయి చాచి అంపోన్సా చేయి పట్టుకుని, చాలాసేపు వదల్లేదు. తరవాత ఒక్కొక్కరే వచ్చారు. ఆ నెల తిరక్కుండా పేటలో పద్నాలుగు యార్డుల్లో నీళ్ళడ్రమ్ములు నిలబడ్డాయి. పోకువా ప్రతి యార్డుకీ వెళ్ళి కొళాయి ఏ ఎత్తున ఉండాలో చూపించి వచ్చింది. మొదట్లో "ఆడపిల్ల చెప్తే వినాలా" అన్నవాళ్ళే ఇప్పుడు "మేడమ్ ఎప్పుడొస్తుంది" అని కబురు పెడుతున్నారు.

ఇంకో సోమవారం పొద్దున్న, గంజి తాగి మూతి తుడుచుకుని అంపోన్సా ఎప్పట్లాగే యార్డులో అడుగుపెట్టాడు. గేటు దగ్గరే పోకువా అడ్డం నిలబడింది.

"కళ్ళద్దాలేవి నాన్నా?"

"ఉన్న ఒక్క కంటికి అద్దాలెందుకే?"

"ఉన్నది ఒక్కటే కాబట్టి. చేతి తొడుగులేవి?"

"ఇది నా యార్డు..." అని మొదలుపెట్టి ఆయన నాలిక కరుచుకున్నాడు.

"నా యార్డు," అంది పోకువా. "తొడుక్కుని వస్తే పని. లేకపోతే ఇంటికి."

ఇస్సా బ్యాటరీ వెనక తల దాచుకుని నవ్వుతున్నాడు. అంపోన్సా అటూ ఇటూ చూశాడు. పేటలో ఎవరికీ తలవంచని మనిషి, పనిలో కొత్తగా చేరినవాడిలా చేతులు కట్టుకుని, బుద్ధిగా వెనక్కి తిరిగి ఇంట్లోకి నడిచాడు. పోకువా ఆయన వెనక్కి తిరిగాక మాత్రమే నవ్వింది.

"బిరాగో, నా కళ్ళద్దాలెక్కడ పెట్టావు? మేస్త్రమ్మ తిడుతోంది," అన్నాడు గుమ్మంలోంచి. ఆ గొంతులో గర్వం దాచుకోవాలన్నా దాగట్లేదు. బిరాగో నవ్వు ఆపుకోలేక గోడకి చేరగిలబడింది. నవ్వి నవ్వి కళ్ళలో నీళ్ళు తిరుగుతుంటే, కొంగుతో తుడుచుకుంటూ కళ్ళద్దాలు వెతకడానికి వెళ్ళింది.